మంచుబండి కాజ్ గెలిచిన పొద్దు

మా మిషిగన్ ఊళ్లో స్కేటింగ్ మైదానం మీద మంచు చదునుచేసే బండిని ముప్ఫయ్యేళ్లు నడిపాడు కాజిమిర్ వోయ్టాస్. అందరికీ కాజ్. బడి మానేసిన నన్ను అక్కడ స్కేట్లు అద్దెకిచ్చే పనిలో పెట్టించింది ఆయనే. ఆయన గుండె చెడిపోయాక సాయానికి వాళ్లింట్లోనే ఉన్నాను.

చనిపోగానే తన ఒంటిని గడ్డకట్టించి దాచాలనీ, వైద్యం ఎదిగాక ఎప్పటికైనా లేపాలనీ కాజ్ ఆశ. అలా దాచే సంస్థ దగ్గర్లోనే ఉంది. చిక్కల్లా చట్టంతోనే. చనిపోయాడని నర్సు చెప్పేదాకా పిడికెడు మంచు కూడా వేయకూడదు. అనుకోని చావైతే శవపరీక్ష అంటారు. కోసిన తలను దాచి ఏం లాభం? అందుకే చివరిదశ రోగులను ఇంట్లోనే చూసే నర్సుల దగ్గర పేరు రాయించుకున్నాడు. గుండె ఆగితే మళ్లీ కొట్టించొద్దని అక్కడ సంతకం పెట్టాడు.

ఆయన అక్క బెర్నడిన్ పడీ పడీ నవ్వింది.

"ఒరేయ్, ఎప్పటికీ బతకాలనేవాడివి, బతికించొద్దని చేతికి పట్టీ కట్టుకున్నావేంట్రా?"

"ఈ నెల వద్దన్నానక్కా. తర్వాత బతికించమనేగా రెండో చేతికి దాచే సంస్థవాళ్ల పట్టీ!"

టీవీలో చనిపోయే హక్కు గురించి వాదులాడుకుంటుంటే కాజ్ గొణిగేవాడు. "వాళ్లకి కోరుకున్నప్పుడు పోయే హక్కు కావాలట. నాకు పోయిన వెంటనే పోయాడనిపించుకుంటే చాలు."

"దేవుడు పిలిస్తే దాక్కుంటావా?"

"కాస్త ఆలస్యంగా వస్తానని చెప్పక్కా."

ఆయన భయమంతా అక్క గురించే. కంగారులో అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే అంబులెన్సు, ఆస్పత్రి, పోలీసులు, అన్నీ మొదలవుతాయి. అందుకని వంటింటి ఫోన్లో తొమ్మిది అంకె మీద ప్లాస్టరు అంటించాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, బెర్నడిన్ పోలిష్ వంటకం పియరోగీలు వేయిస్తుండగా కాజ్ ఊపిరి ఆగింది. ఆమె ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. వేలు ప్లాస్టరు మీద ఆగింది.

"నర్సు నంబరు చెప్పవే పిల్లా," అంది.

తర్వాత నేను సంస్థకీ, మైదానానికీ ఫోన్ చేశాను. బండి గీకి వెనకాల పోసిన మంచును కాజ్ స్నేహితులు తొట్లలో తెచ్చి గుమ్మం బయట దించారు. సంస్థవాళ్ల వ్యానూ వచ్చి ఆగింది. బెర్నడిన్ పార అడ్డంపెట్టి తలుపు దగ్గర నిలబడింది.

"నర్సు ఇంకా అనలేదు. ఒక్కడు కదిలాడో, చూడండి!"

నర్సు వచ్చి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. గడియారం చూసింది. "కాజిమిర్ గారు చనిపోయారు."

"విన్నారుగా! తెండి!"

తమ్ముడి తల చుట్టూ మొదటి పార మంచు ఆమే పోసింది. ఏడుస్తూనే నవ్వుతోంది. "నీ మైదానం మంచేరా. కొత్తవాడికి నీ అంత బాగా గీకడం రాదు, సర్దుకో."

ఎవరూ కత్తి పట్టలేదు. ఎవరూ ఆలస్యం చేయలేదు. వ్యాను మైదానం ముందు నుంచి పోతుంటే మంచుబండిని రోడ్డు పక్కకి తెచ్చి ఆపకుండా హారన్ కొట్టారు. వెనక కారులోంచి బెర్నడిన్ పార పైకెత్తి ఊపింది.