శారీ గార్డు తీసేసిన బండి

బాగున్న వస్తువును బాగుచేయడం మొదలుపెట్టిన మగవాడిని ఆపడం ఎవరి తరమూ కాదు. మా ఆయన ఆ పని మొదలుపెట్టింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ మీద.

మాది చీరాల. మా అత్తవారి మగ్గాల మీద నేసిన చీరలూ, ఇరుగుపొరుగు దగ్గర తీసుకున్నవీ మూటలు కట్టుకుని మార్టూరు, అద్దంకి, దర్శి వైపు పల్లెలకు వెళ్ళి అమ్మేవాళ్ళం. మిరపకాయలు కళ్ళాల్లో ఎండి బస్తాలకెక్కాక ఆ ఊళ్ళలో ఆడవాళ్ళకు చీరల మీదికి మనసు మళ్ళుతుంది. మాకు అదే అదను. ‘అమ్మేవాళ్ళం’ అని మర్యాదకు అన్నాను. అమ్మేది నేను. గడపలో కూర్చుని, మడత విప్పి, అంచు చూపించి, కోడలికి నచ్చింది అత్తకు నచ్చకపోతే ఇద్దరికీ నచ్చే ఇంకోటి తీసి, నవ్వి, నవ్వించి అమ్మేది నేను. ఆయన బండికి స్టాండు వేసి, అరుగు మీద మగవాళ్ళకు పత్తికి ఏ పురుగుమందు కొట్టాలో చెబుతుండేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పత్తి చేలో కాలు పెట్టింది లేదు.

బండికి ఎడమవైపు శారీ గార్డు ఉండేది. దాని కింద ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకునే పలక, సీటు వెనక క్యారియరు. ఒక మూట క్యారియరుకు కట్టి, ఇంకోటి ఒళ్ళో పెట్టుకుని పక్కకు తిరిగి కూర్చునేదాన్ని. చూడ్డానికి సొగసేమీ లేదు, నిజమే. కానీ నా కొంగు ఒక్కనాడూ చక్రానికి తగల్లేదు.

ఒక ఆదివారం వాడరేవు రోడ్డులో ఆయన ఎవరో కుర్రాళ్ళ బళ్ళు చూసొచ్చాడు. సీటుకు అటూ ఇటూ వేలాడే నల్ల సంచులట. వెనక మడ్‌గార్డు పొట్టిగా కోసి, నంబరు ప్లేటు లైటు కిందికి ఎత్తేశారట. అన్నం తింటున్నంతసేపూ అదే మాట.

“వెనకంతా ఎంత నీటుగా ఉందో తెలుసా?”

నేను పెరుగు వడ్డించాను. అంతకంటే ఏం చేయను?

మర్నాడు మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. ఆ మెకానిక్కు ఈయనకంటే ఒకాకు ఎక్కువే చదివాడు. శారీ గార్డు ఊడదీశారు. కాళ్ళ పలకా, క్యారియరూ పోయాయి. కుడివైపు టూల్ బాక్సు, దాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రంతో సహా పోయింది. మడ్‌గార్డును రంపంతో సగానికి కోశారు. సైలెన్సరు మీది రేకు కవరు తుప్పు పట్టి అసహ్యంగా ఉందట, దాన్నీ పీకేశారు. తర్వాత ఆటో సీట్లు కుట్టే ఆయన చేత రెండు రెక్సిన్ సంచులు కుట్టించి, పట్టీలతో సీటు మీదుగా అటొకటి ఇటొకటి వేలాడదీసుకుని వచ్చాడు. బండిని వాకిట్లో నిలబెట్టి దాని చుట్టూ ప్రదక్షిణలు. నాకైతే అది అప్పుడే గుండు కొట్టించుకున్న పిల్లాడిలా కనిపించింది.

“బాగుంది కదా?” అన్నాడు.

“మరి నేనెక్కడ కూర్చోవాలి?”

అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి. “నువ్వింక ఎండల్లో పడి తిరగక్కర్లేదే. సరుకంతా సంచుల్లో పట్టుద్ది. నేనొక్కణ్ణే ఇట్టా ఎల్లి అట్టా వచ్చేస్తా.”

ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఇన్నేళ్ళూ నేను మూట పట్టుకునే మనిషినన్నమాట! సంచి వచ్చింది కాబట్టి నా అవసరం తీరిపోయింది. ఇంట్లో కూర్చుంటే నాకు తప్పేది ఎండ ఒక్కటే కాదు, ఆ గడపలు కూడా. దర్శి అవతల పల్లెల్లో నన్ను పేరు పెట్టి పిలిచి, పీట వేసే ఆడవాళ్ళున్నారు. చీరాలలో నేను ఫలానావాళ్ళ కోడల్ని, అంతే. ఇదంతా ఆయనతో అనలేదు. అంటే ఏడుపొస్తుంది. గుండు బండి ముందు ఏడవడం నాకిష్టం లేదు.

అప్పటికి ఒప్పుకున్న పెద్ద బేరం ఒకటుంది. దర్శి దాటాక ఒక మిరప రైతు ఇంట్లో పెళ్ళి. మధుపర్కాల జత, చుట్టాలకు పెట్టడానికి పెట్టుబడి చీరలు మేమే ఇవ్వాలి.

“ఇది మాత్రం నేనే ఇచ్చొస్తాను. తర్వాత మీ ఇష్టం,” అన్నాను. మహారాజులా ఒప్పుకున్నాడు.

పెట్టుబడి చీరలు సంచుల్లో సర్దాడు. మధుపర్కాలు తెల్లగుడ్డలో చుట్టి నేను ఒళ్ళో పెట్టుకున్నాను. “అంత మంచి సంచులుండగా ఒళ్ళో ఎందుకూ?” అని సణిగాడు. వినిపించుకోలేదు. పలక లేదు కాబట్టి నా కాళ్ళు ఎడమ సంచి మీదుగా గాల్లో వేలాడాయి. కాలవ నీళ్ళు రోడ్డు మీదికి పారిన ప్రతిచోటా, కోసేసిన మడ్‌గార్డు పుణ్యమా అని, నల్లరేగడి బురద వచ్చి నా వీపున పడింది. వెనకంతా నీటుగా ఉండటమంటే ఇదే కాబోలు.

మార్టూరు దాటాక తెలిసినవాళ్ళ ఇంట్లో మంచినీళ్ళకు ఆగాం. కాయ కోసిన రోజుల్లో చీరలమ్మే మనిషిని వట్టి చేతులతో పంపరు అక్కడ. ఇంటావిడ ఒక సంచెడు ఎండుమిరపకాయలు ఇచ్చింది. నేను పట్టుకుంటానంటే మా ఆయన ఒప్పుకోలేదు. కుడివైపు సంచి చప్పబడి ఉందట, ఎడమదానితో సమానంగా ఉబ్బి కనిపించాలట. అందులో చీరలు బయటికి తీసి, కాయలు అడుగున పోసి, పైన మళ్ళీ చీరలు సర్ది, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. ఉబ్బిన సంచి సరాసరి కవరు లేని సైలెన్సరు మీద కూర్చుంది. నేను ఎడమకు తిరిగి కూర్చుంటాను, నాకది కనబడదు. ఆయనకు అద్దంలో తన మొహం తప్ప ఏదీ కనబడదు.

దర్శి వచ్చేసరికి గొంతులో గరగర మొదలైంది. “ఎక్కడో కళ్ళంలో కాయ తొక్కుతున్నట్టున్నార్లే,” అన్నాడు. పెళ్ళివారి పందిరి ముందు బండి ఆపగానే, అప్పటిదాకా గాలికి వెనక్కి పోతున్న ఘాటంతా ఒక్కసారిగా మమ్మల్ని కమ్మేసింది. సంచి అడుగు కరిగిపోయి, మిరపకాయలు సైలెన్సరు మీద మాడుతున్నాయి. పందిట్లో తోరణాలు కడుతున్నవాళ్ళు దగ్గడం మొదలుపెట్టారు. వంటవాళ్ళు గరిటెలు వదిలేసి దొడ్లోకి పరిగెత్తారు. లోపల్నుంచి ఎవరో ఆవిడ తుమ్ముల మధ్య, “పిల్లకి దిష్టి ఎవరే తీసింది? ఇంత ఘాటొచ్చిందంటే దిష్టేమీ లేనట్టేలే!” అని సంబరపడింది.

పెళ్ళికూతురి నాయనమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. మా ఆయన చెంబుతో సైలెన్సరు మీద నీళ్ళు పోస్తున్నాడు. పోసేకొద్దీ పొగ ఇంకా లేస్తోంది.

“ఏందయ్యా ఇది? చీరలు తెచ్చావా, తాలింపు పెట్టావా?”

“కొంచెం వేడెక్కిందండీ...” అన్నాడు.

కుడి సంచిలో చీరలు కొన్ని మాడిపోయాయి, మిగతావి, ఎడమ సంచిలోవి కూడా, తుమ్మకుండా ముట్టుకునేట్టు లేవు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అయినా గడపలో కూర్చుని ఒళ్ళో మూట విప్పాను. మధుపర్కాలు మడత నలగకుండా ఉన్నాయి. నాయనమ్మ అంచు పట్టి చూసింది, వాసన చూసింది, కళ్ళకద్దుకుంది.

“ఇయ్యి బాగున్నయ్. తక్కిన చీరలు ఎల్లుండికి తెచ్చియ్యి తల్లీ,” అంది. “నువ్వొక్కదానివే రా. మా సెంటర్లో బస్సు ఆగుద్ది. ఈ బండీ వద్దు, ఈయనా వద్దు.”

మా ఆయన వినపడేంత దూరంలోనే ఉన్నాడు. చెంబు కింద పెట్టాడు.

బయటికొచ్చాక “ఎక్కు” అన్నాడు. నేను బస్సు ఆగే చోటికి నడిచాను. బండి తోసుకుంటూ పక్కనే వచ్చాడు. ముక్కూ కళ్ళూ ఎర్రబడి, సగం సంచి వేలాడుతున్న బండితో ఆయన్ని చూస్తే కాస్త జాలేసింది కూడా, అబద్ధమెందుకు.

“ఇంత దూరం నువ్వొక్కదానివే వచ్చి, ఇళ్ళన్నీ తిరిగి అమ్మగలవంటావా?” అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

“ఇన్నేళ్ళూ గడప లోపల నా పక్కన ఎవరు కూర్చున్నారండీ?” అన్నాను.

ఆయన ఆలోచించాడు. పాపం, చాలాసేపే ఆలోచించాడు. ఈలోగా బస్సొచ్చింది, ఎక్కేశాను.