రెండు ఫ్లాస్కుల సారు

నేను మాదాపూర్ల ఒక కంపెనీల చాయ్ పెడ్త. రాసుడు నాకు అలవాటు లేదు గని, మా పెద్దసారు గురించి చెప్పకుంటే మనసున పడ్తలేదు.

వేరే కంపెనీలోళ్ల ఫైళ్లు కంప్యూటర్లల్ల దాచిపెట్టుడు మా కంపెనీ పని. సారు కూకట్‌పల్లిల ఒక కిరాయి రూముల మొదలుపెట్టిండట. అప్పుడు ఒక డిస్కు కరాబై, ఒక దవాఖానోళ్ల ఫైళ్లన్నీ పోయినయట. గప్పటి సంది ఏదైనా రెండుండాలె, రెండు జాగలల్ల ఉండాలె. ఫైళ్లకైతే సరే, చాయ్‌కెందుకు? పై అంతస్తుల ఒక ఫ్లాస్కు, కింద ఒకటి. పొద్దుగాల రాంగనే "రెండోది ఏదమ్మా?" అనేటోడు. కింది చాయ్ ఎవ్వరు తాగరు, రోజు పారబోసుడే.

"సార్, చాయ్ గూడ కరాబైతదా?" అని ఇసిగి అడిగిన.

"పైది పడిపోతే ఏం చేస్తవ్?"

మొన్నామధ్య కంపెనీ అమ్మిండు. నా నౌకరి పోతదని నాకు ఒకటే ఫికర్. పోయే రోజు సారు వచ్చి, "నిన్ను తీసెయ్యొద్దని కొత్త మేనేజర్‌కు చెప్పిన" అన్నడు. లిఫ్టు దాకా పోయి మళ్ల వచ్చిండు. "కింద హెచ్ఆర్ మేడంకు గూడ చెప్పి పోత."

"ఒక్కరికి చెప్తే సాలదా సార్?" అన్న.

ఆ మేనేజర్ నెల తిరగకముందే వేరే కంపెనీకి పోయిండు. తర్వాత వచ్చినాయన, చాయ్ మిషన్ పెట్టి నన్ను తీసేద్దామన్నడు. హెచ్ఆర్ మేడం ఒప్పుకోలే. "పెద్దసారు నాకు చెప్పి పోయిన్రు" అన్నది.

ఇప్పుడు రెండోది ఏదని అడిగేటోడు లేడు. అయినా రోజు నింపి కింద పెడ్తున్న, సాయంత్రం పారబోస్తున్న. ఏం మనిషో, కంపెనీ ఇడిచిపెట్టినా నన్ను ఇడిచిపెడ్తలేడు.