అత్త భుజం మీద చిలుక

ఆ రోజుల్లో క్యాసెట్టు అట్ట మీద మనిషి ఒక్కడే కనిపిస్తే దినకర్మ కార్డేమో అనుకునేవాళ్లు. వెనకాల జలపాతం, దాని పక్కన మంచుకొండ, ముందర నెమలి, పైన మెరుపులు, వీటన్నిటి మధ్య మబ్బును చీల్చుకొచ్చినట్టు గాయకుడి తలకాయ ఉండాల్సిందే. కరీంనగర్‌లో అలాంటి అట్టలు చేసే స్టూడియోలో నేను కొత్తగా కుదిరాను. కంప్యూటర్‌లో ఫొటోలు కత్తిరించి అతికించడం నేర్చుకున్నానన్న ధీమాతో (కత్తిరించడం నిజంగానే వచ్చు, అతికించడం దగ్గరే కాస్త తేడా) నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. మా యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనది ఒకటే సూత్రం. "ఖాళీ జాగ కనవడొద్దు భాయ్. కనవడితే మనకు పని రాదనుకుంటరు. నింపు!"

అప్పుడే బోథ్‌లో ఉండే మా మేనత్త జానపదాల క్యాసెట్టు తయారైంది. ఆమె గొంతెత్తితే చేనులో పత్తి ఏరేవాళ్లు చెయ్యాపి వినేవాళ్లు. పెళ్లిళ్లలో ఆమె పాట విన్న ఒక వ్యాపారి రికార్డు చేయించాడు. అట్ట పని నాకొచ్చింది. ఫొటో దిగడానికి రమ్మంటే అత్త కదల్లేదు. "పాట ఇంటరా, మొఖం జూస్తరా? ఇంట్ల ఉన్నదే పెట్టుకో పో" అంది. ఉన్నది ఒక్కటే. మామ దుబాయ్ పోయే ముందు ఇద్దరూ బాసరలో దిగింది. ఎండకు కళ్లు చిట్లించి, ఎవరినో కొట్టబోతున్నట్టు అత్త, ఆమె భుజం మీద చెయ్యేసి మామ.

మామను కత్తిరించేశాను. చెయ్యి మాత్రం పోనంది. దాన్ని చెరిపితే అత్త భుజం కూడా పోతోంది. "పరేషాన్ ఎందుకు? దాని మీద పిట్టను కూసోబెట్టు" అన్నాడు ఉస్తాద్. చిలుకను కూర్చోబెట్టాను. చెయ్యి దాగాలంటే చిలుక పెరగాలి. పెంచుతూ పోయాను. చివరికది మేకపిల్లంత అయింది. ఉస్తాద్ "వారెవ్వా!" అన్నాడు. అట్ట అచ్చుకు పోయింది.

అత్తవాళ్ల వాకిట్లోనే విడుదల. చుట్టాలు, వాడకట్టంతా వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను (పొగిడేవాళ్లకు సులువుగా దొరకాలని). క్యాసెట్టు చేతులు మారుతూ ఒక ముసలమ్మ దగ్గర ఆగింది. "ఓ పిల్లా, చిలుకకు గోళ్లుంటయ్ గని గీ వేళ్లేందే? ఉంగరం గూడ వెట్టుకున్నది!"

చూస్తే నిజమే. చిలుక తోక కింద నుంచి మామ వేళ్లు, ఉంగరంతో సహా, అత్త భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వాకిలంతా గొల్లున నవ్వింది. అత్తకిది తొలి క్యాసెట్టు. ఇది నవ్వులపాలైతే ఆమె చేత ఇంకోసారి ఎవరు పాడిస్తారు? "అత్తా, గివన్ని వాపస్ తీస్కపోత. మళ్ల కొత్తయి చేపిస్త" అన్నాను తలెత్తకుండా.

అత్త అట్టను కళ్ల దగ్గరకు తెచ్చుకుంది. ఆ వేళ్ల మీద బొటనవేలితో మెల్లగా రాసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "మీ మామ చెయ్యేరా! దుబాయిల ఉన్నడనుకుంటున్న, చిలుక కింద దాగున్నడు!" అని కళ్లు తుడుచుకుంది. "ఉండనియ్ కొడుకా. ఎవ్వలేమన్న అనుకోనియ్." ఆ ఊపులోనే పాటెత్తుకుంది. జనం నవ్వు ఆపకుండానే చప్పట్లు కలిపారు.

ఒక క్యాసెట్టు దుబాయ్‌కీ పోయింది. మామ ఫోన్ చేశాడు. "పాటలు మంచిగున్నయ్ గని, నన్ను తీసేసి చిలుకను వెట్టినవేందిరా?"

ఇప్పుడు నాకు సొంతంగా డిజైన్ దుకాణం ఉంది. ఎవరి చెయ్యినైనా ఆనవాలు లేకుండా తీసేయగలను. మొన్న నా కూతురు ఆ అట్ట చూసి, "డాడీ, నిజంగ గిది నువ్వే చేసినవా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఈమధ్య పెళ్లికార్డు అచ్చుకు పంపేటప్పుడు కూడా పదిసార్లు సరిచూసుకుంటాను. ఆ అట్ట చేసిన అప్పటి కుర్రాడు ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఎంత హాయిగా ఉండేవాడో.