మూడున్నరకి లేచే ఎలుకలు

కలకత్తా పక్కనున్న మా లిలువాలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరు దగ్గరకి తీసుకెళ్లమని చెప్పే మనిషిని నేను. దెయ్యాలని ఏనాడూ నమ్మలేదు. ఇది దెయ్యం కథ అని ఇప్పుడూ అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మాయి పావని రెండు తెల్ల ఎలుకల్ని పెంచేది. పగలంతా గుడ్డ ఉయ్యాలలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. దీపాలు పెట్టే వేళకి గానీ లేచేవి కావు.

మా అమ్మకి మొదట్లో అవంటే అసహ్యం. తర్వాత వాటి నిద్ర చూసి నవ్వింది.

"పగలు తొంగుని రేత్రి లెగుస్తాయేటి ఇవి? అచ్చం మీ నానలాగే!"

నాన్న రైల్వే వర్క్‌షాపులో చాలా ఏళ్లు నైట్ డ్యూటీ చేశారు. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి ఆయన్ని అమ్మే లేపేది. ఆయన పోయాక ఆ అలవాటు ఎలుకల మీదకి మళ్లింది. సరిగ్గా అదే వేళకి పంజరం ముందు కూర్చుని, "లెగండి లెగండి, డ్యూటీకి టైమైపోనాది" అంటూ ఊచల్లోంచి వేలు పెట్టి తలలు నిమిరేది. నాలుగు మరమరాలు వేసేది. అవి తిని మళ్లీ పడుకునేవి.

అమ్మ గుండెపోటుతో ఆస్పత్రిలో పోయింది. నేనప్పుడు సాల్ట్ లేక్ ఆఫీసులో మీటింగులో ఉన్నాను. పావని మాటిమాటికీ ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఎలుకలు మూడున్నరకి లేచి కూర్చునేవి. అలవాటే కదా, నాకు వింతనిపించలేదు. చివరికి ముసలివై, ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. పంజరం ఎవరికో ఇచ్చేశాను.

ఏడాది తిరిగాక పావని షాలిమార్‌లో ఒక బెంగాలీ దాదా ఇంటి నుంచి మరో రెండు ఎలుకల్ని తెచ్చింది. పంజరమూ కొత్తదే. అమ్మని అవి ఎన్నడూ చూడలేదు.

నాలుగో రోజు నేను ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను. మూడున్నరకి రెండూ లేచాయి. ఊచల దగ్గరకొచ్చి, వెనక కాళ్ల మీద నిలబడి, ఎదురుగా ఏమీ లేని చోటు వైపు చూశాయి. కాసేపటికి వెళ్లి పడుకున్నాయి. మర్నాడూ అంతే.

దగ్గర్లోని స్కూలు గంటకి లేస్తున్నాయేమో అనుకున్నాను. ఆదివారమూ లేచాయి. పంజరాన్ని వేరే గదిలో పెట్టి చూశాను. తేడా లేదు. దాదాకి ఫోన్ చేస్తే ఆయనా ఆశ్చర్యపోయాడు.

"అదేంటి దీదీ? మా ఇంట్లో చీకటి పడేదాకా కళ్లే తెరిచేవి కావు."

ఒకరోజు తలుపు వేసి, ఫ్యాను ఆపి, గదిలో ఓ మూల కూర్చున్నాను. మూడున్నరైంది. రెండూ వచ్చాయి. చిన్నది తల వంచింది. దాని చెవుల మధ్య బొచ్చు మెల్లగా అణిగింది, నుదుటి నుంచి మెడ దాకా, సన్నటి గీతలా. బొచ్చు లేచింది. మళ్లీ అణిగింది. ఎలుక కళ్లు మూసుకుంది.

నాకు భయం వేయలేదు. "ఆ రోజు ఫోనెత్తలేదమ్మా, తప్పయిపోనాది" అన్నాను పైకే.

బొచ్చు మామూలుగా అయిపోయింది. ఎలుకలు కాసేపు అటే చూసి, వెళ్లి పడుకున్నాయి.

ఆ మర్నాటి నుంచి అవి మూడున్నరకి లేవడం మానేశాయి. ఎందుకు లేచేవో, ఎందుకు మానేశాయో నాకు ఈరోజుకీ తెలీదు. ఆ పూట నోరు మూసుకుని కూర్చోవాల్సిందేమోనని మాత్రం అనిపిస్తుంటుంది.