చెదలు తిన్న ఆల్టో

2011. తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మెలో ఉన్న రోజులు. జనగామలోని నా బైండింగ్ దుకాణంలో పనిలేక ఈగలు తోలుకుంటున్నాను. అప్పుడు మహబూబాబాద్ చర్చిలో పాటల బృందం నడిపే సునీత టీచర్ రేకు పెట్టె మోసుకొచ్చింది. మిషన్ బడిలో స్వరలిపి నేర్చుకున్నవాణ్ణి కనుక ఇలాంటి పాత పాటల కాగితాలు నా దగ్గరికే వస్తాయి.

"అన్నా, మా నాయిన కాలంల పాడిన కీర్తన గిది. క్రిస్మస్‌కు మళ్ల పాడాలె," అంది.

కోయిర్, అంటే చర్చి బృందం పాడే పాటకు నాలుగు వరసలు. ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్లలో టెనర్, బేస్. అసలు రాగం సొప్రానోది, మిగతావి దానికి తోడు. పెట్టెలోని కాగితాల్లో ఎవరి వరస వాళ్లకు విడిగా రాసి ఉంది. మూడింటికి పల్చటి మైదా జిగురుతో వెనక టిష్యూ, అంటే ఉల్లిపొరలాంటి కాగితం, అంటించి నిలబెట్టాను. ఆల్టో మాత్రం పూర్తిగా చెదల పాలైంది. అది లేకుండా పాడితే పాట బోసిగా ఉంటుంది.

అప్పట్లో ఆల్టో పాడినవాళ్లలో కరుణమ్మ ఒక్కతే మిగిలిందని, మొగుళ్లపల్లిలో కూతురి దగ్గర ఉంటోందని సునీత చెప్పింది. బస్సులు బంద్. స్కూటర్ మీద అక్కడికి చేరేసరికి నా నడుం పట్టేసింది.

సంగతి వినగానే కూతురు రాణి నవ్వింది. "మా అవ్వకు పాట రాదన్నా. అందరు ఒక తీరు పాడితే గామె ఒక తీరు పాడుతది. చర్చిల జర మెల్లగ పాడమని మేమే చెప్తం."

కరుణమ్మ తల వంచుకుంది. చాన్నాళ్లుగా చర్చిలో పెదాలు మాత్రమే కదుపుతోందట. నాకు ఒళ్లు మండింది. మన యాసను తప్పన్నవాళ్ల మీద ఊరంతా మండిపడుతున్న రోజుల్లో, ఇంట్లో తల్లి పాటను తప్పంటున్నాం!

"నీ వరస ఒక్కసారి పాడు అవ్వా," అన్నాను.

బతిమాలితే పాడింది. వినడానికి నిజంగానే ఏ రాగమూ అనిపించలేదు. ఒకే స్వరం దగ్గర తచ్చాడుతూ, అప్పుడప్పుడు ఒక మెట్టు ఎక్కి దిగుతోంది. రాణి "చూసినవా?" అన్నట్టు నావైపు చూసింది. నేను సొప్రానో కాగితం తీసి, పై వరస మెల్లగా అందుకున్నాను. రెండు గొంతులూ కలిసిపోయాయి. నా బొంగురు గొంతు కూడా బాగుందనిపించింది. రాణి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"అవ్వా, గిన్నేండ్లు నువ్వు తప్పు పాడలేదా?"

"నా వరస నేను పాడిన బిడ్డా. పక్కన పాడెటోళ్లు లేకపాయె."

ఆమె పాడుతుంటే ఆల్టో మొత్తం రాసుకున్నాను. క్రిస్మస్ రోజు కరుణమ్మ బృందం మధ్యలో నిలబడి గొంతెత్తి పాడింది. ఏ వరసనైనా విడిగా విని తీర్పు చెప్పకూడదని నేర్చుకున్నాను.

ఆల్టో రాసుకున్న ఆ మధ్యాహ్నం మొగుళ్లపల్లి నుంచి బయల్దేరుతుంటే రాణి స్కూటర్‌కు అడ్డం నిలబడింది.

"అన్నా, గా పై వరస నాకు రాసియ్యి. ఇంట్ల మా అవ్వ పక్కన పాడుత."