అయిదో సంపుటం చివరి ఫారం

మైదా జిగురు ఉడుకుతున్నప్పుడు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తే ఒక వాసన లేస్తుంది. అది తినే పిండి వాసనా కాదు, మందు వాసనా కాదు. పుస్తకానికి పురుగు పట్టకుండా బైండింగువాళ్ళు వేసే విషం అది. ఈ ఉదయం షాపులో స్టవ్ మీద గిన్నె పెట్టి కలుపుతుంటే ఆ వాసన తగిలి, గరిటె తిప్పుతున్న చెయ్యి కాసేపు ఆగింది. పక్కన బల్ల మీద 'ఏడు గవనుల రాజ్యం' ఏడో సంపుటం ఉంది. నిన్న మధ్యాహ్నం బస్సు పార్సిల్లో వచ్చింది. ఇదే ఆఖరుది. దీనికోసం నరసరావుపేటలో నాలాంటి వాళ్ళం తొమ్మిదేళ్ళు ఎదురుచూశాం. అయినా నేనింకా ఒక్క పేజీ చదవలేదు. ఎందుకు చదవలేదో చెప్పాలంటే ముందు మీరాబీ పిన్ని సంగతి చెప్పాలి.

కోర్టు వెనక సందులో ఆమె షాపు ఉండేది. భర్త పోయాక ఆయన బైండింగు పని ఆమె చేతికొచ్చింది. పగలంతా బడుల రిజిస్టర్లు, దస్తావేజుల నకళ్ళు కుట్టేది. వెనక గోడ నిండా అద్దెకిచ్చే పుస్తకాలు. కొత్త పుస్తకం ఏది వచ్చినా సరే, ముందు దాని అట్ట ఊడబీకి, ఫారాలు విడదీసి, మళ్ళీ దారంతో కుట్టి, గట్టి అట్ట వేసిగానీ బీరువాలో పెట్టేది కాదు. ఫారం అంటే పదహారు పేజీల మడత. అలాంటివి పాతికో ముప్ఫయ్యో కలిస్తే ఒక పుస్తకం. "బజార్లో కొన్నది పదిమంది చదివితే ఊడుద్ది. నేను కుట్టింది వందమంది చదివినా ఊడదు," అనేది. మీరాబీ కుట్టినదాంట్లో పేజీ తప్పదని పేటలో మాట. ఆమెకు ఇంకో అలవాటు కూడా ఉండేది. ప్రతి పుస్తకం చివర నాలుగు తెల్ల కాగితాలు కలిపి కుట్టేది. పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు అక్కడ ఒక్క మాటైనా రాసి సంతకం పెట్టాలి. ఎవరైనా తప్పించుకోబోతే, "అన్నం తిని బాగుందో లేదో చెప్పకుండా చెయ్యి కడుక్కుపోతారా ఏంది?" అని పెన్ను చేతిలో పెట్టేది.

మాది బెల్లంకొండ అవతల ఒక ఊరు. అక్కడ మా ఇంటిని దివాణం అనేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికి ఆ పేరు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. నా పదిహేనో ఏట ఇల్లు కూడా పరాయివాళ్ళదై మిర్చి గోడౌను అయింది. మేం పేటలో రెండు గదుల వాటాలోకి వచ్చాం. మా నాయనమ్మ పోతూపోతూ నాకిచ్చింది రెండు మాటలు: కుర్చీ వేస్తేనే కూర్చో, ఎవరి దగ్గరా ఊరికే తీసుకోకు. ఆ పెంపకం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఇరవైమూడేళ్ళ వయసులో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో టైపు పని చేస్తూ కూడా, దివాణం వారి అమ్మాయిలాగే నడుం నిలిపి కూర్చునేదాన్ని. 'ఏడు గవనుల రాజ్యం' నన్ను పట్టుకోవడానికి కారణం అదే. రాజ్యం పోయిన వంశంలో మిగిలిన మణికేతు పోయిన గవనులను, అంటే కోటగుమ్మాలను, ఒక్కొక్కటే తిరిగి గెలుస్తాడు. అందరూ దాన్ని కథగా చదివారు. నేను మా ఇంటి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నట్టు చదివాను.

మూడో సంపుటం వచ్చిందని విని షాపు దగ్గరికి వెళ్ళి గడప బయట నిలబడ్డాను. పుస్తకం ఆమె ముందే ఉంది, ఇంకా విప్పలేదు.

"ఏంది దొరసాని, లోపలికి రారు?" అంది ఆమె, తల ఎత్తకుండా.

"మూడో భాగం వచ్చిందని విన్నాను."

"వచ్చింది. కుట్టాలి, అట్ట వెయ్యాలి, మూడు రోజులు బరువు కింద ప్రెస్సులో ఉండాలి. ఆదివారం రా."

ఒక్క పూట ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. అలాగని కదల్లేదు. ఆమె అప్పుడు తల ఎత్తి చూసింది. "అడగటానికి నామోషీ, పోవటానికి కాళ్ళు రావు. చానా కష్టం వచ్చిందే నీకు. ఇదిగో, కుట్టేవాళ్ళు ఫారాలు విప్పేటప్పుడు చదువుకోవచ్చు. నేనూ అట్టా చదివినదాన్నే. సూది పట్టుకో. నేను ఊరికే ఇచ్చినట్టూ కాదు, నువ్వు ఊరికే తీసుకున్నట్టూ కాదు." అంటూ ఒక స్టూలు నా వైపు తోసింది. కూర్చోమని వేసింది కాబట్టి కూర్చున్నాను.

అలా రోజూ సాయంత్రాలు పని నేర్చుకున్నాను. నా మొదటి కుట్టు చూసి ఆమె నవ్వింది. పుస్తకం తెరిస్తే తెరుచుకోలేదు, బలవంతం చేస్తే కాగితం చిరిగింది. "నీ నడుం లాగానే కుట్టావు. అంత బిగించమాక. దారం కాయితాన్ని కోసుద్ది. తెరుచుకోవాలంటే కుట్టులో కాస్త వదులుండాలి," అంది. నాకు కోపం వచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆమెను మాత్రం మీరాబీగారనే పిలిచేదాన్ని. అందరూ అక్కా, పిన్నీ అంటుంటే నాకు ఆ చనువు ఎబ్బెట్టుగా ఉండేది.

అయిదో సంపుటం వచ్చినప్పుడు ఆమె ఊళ్ళో లేదు. కూతురి కాన్పుకని శావల్యాపురం వెళ్తూ తాళాలు నాకిచ్చింది. "జాగర్తగా కుట్టు. అందరూ దీని కోసమే చూస్తన్నారు," అంది. ఒక్కదాన్నే కూర్చుని ఫారం వెంట ఫారం చదువుతూ కుట్టాను. ఆరు గవనులు గెలిచాడు మణికేతు. ఏడోదాని ముందు నిలబడ్డాడు. తాళంచెవి చేతిలో ఉంది. ఆఖరి ఫారంలో ఏం చేశాడంటే, ఆ తాళంచెవిని ఊరివాళ్ళ చేతిలో పెట్టి, కోట వెనక రేవుకు నడిచి, చచ్చిపోయిన పడవవాడి తెడ్డు అందుకున్నాడు. అంతటితో సంపుటం అయిపోయింది.

లేచి తలుపు దగ్గరగా వేసి ఏడ్చాను. నాకు వచ్చింది దుఃఖం కాదు, అవమానం. ఆ రచయిత నా ముఖం మీదే మా ఇంటి తలుపు మూసినట్టనిపించింది. తర్వాత నేను చేసిన పని ఆ షాపులో తప్ప ఇంకెక్కడా సాగేది కాదు. పేజీలు చిరిగిన పుస్తకాలకు కొత్త పేజీలు టైపు చేసి కలపడం మాకు అలవాటే. మధ్యలో కాగితం రంగు మారితే మా పాఠకులు పట్టించుకునేవాళ్ళు కారు. రెండు రోజులు బడిలో భోజనం వేళ కూర్చుని పదహారు పేజీలు టైపు చేశాను. మణికేతును గద్దె ఎక్కించాను. ఏనుగులు తెప్పించాను, శంఖాలు ఊదించాను. ఆ గద్దెకు మా నాయనమ్మ కుర్చీకున్న దంతపు కాళ్ళు పెట్టాను. అసలు ఫారం తీసేసి, నాది కుట్టాను. తీసిన ఫారాన్ని పారెయ్యడానికి చెయ్యి రాక ఇంట్లో నా పెట్టెలో దాచాను.

జనానికి నచ్చింది. ఏసోబని మాచర్ల రూటులో బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు, ఆ సంపుటాలంటే ప్రాణం. చివరి తెల్ల కాగితం మీద, 'గద్దె ఎక్కాడు. టికెట్లు కొట్టటం మరిచి తిట్లు తిన్నాను. అయినా సంతోషం' అని రాశాడు. మీరాబీకి అప్పటికే చూపు కాస్త మందగించడంతో ఆ పుస్తకం నేనే చదివి వినిపించాను. అంతా విని, "బాగానే ఉందిగానీ చివర్న రాసినాయన కుట్టు బిగించాడు. వదులు లేదు," అంది. పుస్తకం మూసి బీరువాలో పెట్టాను.

ఏడాది తిరిగేసరికి ఆరో సంపుటం వచ్చింది. వారం గడిచిందో లేదో ఏసోబు రెండు పుస్తకాలూ చంకన పెట్టుకొని షాపులోకి వచ్చాడు. అప్పుడు అక్కడ దస్తావేజులు రాసే ఆయనా, బడి గుమాస్తా ఒకాయనా ఉన్నారు.

"ఏంది మీరాబక్కా ఇది? పోయినదాంట్లో గద్దెనెక్కినోడు ఇందులో మొదటి పేజీ నుంచీ పడవ తోలుతున్నాడు. రాసినాయనకి మతి పోయిందనుకున్నా. మాచర్లలో మా బావమరిది కాడ అయిదో భాగం ఉంటే చూశా. అందులో గద్దె లేదు, ఏనుగుల్లేవు, పడవే ఉంది. నీ పుస్తకంలోనే కథ మారింది."

ఆమె పుస్తకం అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. కుట్టును వేలితో తడిమింది. అది నా కుట్టని ఆమె వేలికి తెలుసు. ఒక్కసారి నా వైపు చూసి, ఏసోబు వైపు తిరిగింది. "నేనే. ఫారం ఒకటి పోతే నాకు తోచింది టైపు చేయించి కలిపా. తప్పయింది."

"కథలే మారిస్తే, రేపు దస్తావేజుల్లో ఏం మారుస్తావో ఎవరికి తెలుసక్కా?" అన్నాడు ఏసోబు. ఆయన నవ్వుతూనే అన్నాడు. దస్తావేజుల ఆయన మాత్రం నవ్వలేదు. మర్నాడు వచ్చి, కుట్టాల్సిన కట్ట కుట్టకుండానే తీసుకుపోయాడు. ఆ తర్వాతి రోజు బడి రిజిస్టర్లు పోయాయి. ఇరవై ఏళ్ళుగా ఆమెను నిలబెట్టిన పని మూడు రోజుల్లో బల్ల మీద నుంచి లేచిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ బల్ల తుడుస్తూ, "దబ్బనం తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టు," అంది, అంతే.

ఎన్నో రకాలుగా సర్దిచెప్పుకున్నాను. ఆమే తప్పు నెత్తిన వేసుకుంది కదా, నేను అడగలేదు కదా అనుకున్నాను. అక్కడే నాయనమ్మ మాట అడ్డం వచ్చింది. ఎవరి దగ్గరా ఊరికే తీసుకోకు. మా ఇంట్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, పొలాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఒకరి పరువు తీసుకుని తిన్నవాళ్ళు లేరు. ఆదివారం ఉదయం పుస్తకాలు మార్చుకునేవాళ్ళంతా వచ్చే వేళకు, దాచిన ఫారం పట్టుకుని వెళ్ళాను. దస్తావేజుల ఆయన్ని ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాను. పిలవకుండా ఒకరి గుమ్మం ముందుకు వెళ్ళడం నాకదే మొదటిసారి.

"ఈ ఫారం తీసింది నేను. ఆ కథ రాసింది నేను. ఆమెకు తెలియదు. ఆమె బల్ల మీద ఏ కాగితమూ ఎప్పుడూ మారలేదు," అన్నాను.

 ఏసోబు నా చేతిలోని ఫారం అందుకుని తిరగేశాడు. "ఆ ఏనుగులు నువ్వు రాసినయ్యేనా?"

"అవును."

"ఏనుగులు బాగున్నై. అయినా తప్పు తప్పే."

మీరాబీ విసుక్కుంది. "ఏమే, నోరు మూసుకొని కూర్చుంటే నాలుగు రోజులకి అందరూ మరిచిపోయేవాళ్ళుగా."

"అలా ఊరుకోవడం నాకు సరిపడదు పిన్నీ," అన్నాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆమె విననట్టే ఉండి, చాకు నా చేతికిచ్చింది. అందరి ముందూ కుట్టు కోసి, నాది తీసి, అసలు ఫారం కుట్టాను. వెనక తెల్ల కాగితం మీద చేసిన పని రాయమంది. పేరు రాశాను. "ఇంటిపేరు కూడా," అంది. ఆ ఇంటిపేరు అంతవరకు నేను ఆ షాపులో ఎక్కడా పెట్టలేదు. పెట్టాను. అక్షరం వంకర పోలేదు.

అందరూ వెళ్ళాక అసలు ఫారం చదివి వినిపించమంది. మణికేతు తెడ్డు అందుకున్న చోట ఆపాను. ఆమె, "పోన్లే. మనిషికి పని దొరికింది," అంది. ఆ పేజీ గురించి నేను ఏడ్చిన ఏడుపుకు, రాసిన ఏనుగులకు, ఇంతకంటే మంచి జవాబు నాకెవరూ చెప్పలేదు. తర్వాత నా పదహారు పేజీలు తీసి నా ముందు పెట్టింది. "ఇంకొకరి పుస్తకానికి నీ కథ కుట్టమాక. రాయటం వచ్చుగా నీకు. నీ రాతకి నువ్వే అట్ట వేసుకో." అట్టకు అంటించే నీలం కాలికో గుడ్డ ఆమే కత్తిరించింది. ఆ పలచటి పుస్తకానికి కూడా చివర నాలుగు తెల్ల కాగితాలు కుట్టించింది. బీరువాలో పెట్టిన నెలకు అందులో మొదటి మాట పడింది, ఏసోబుది: 'ఇదీ బాగుంది. నాకు మాత్రం పడవలోవాడే నచ్చాడు.' దస్తావేజుల ఆయన తిరిగి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. వచ్చినప్పుడు, పోయినప్పటికంటే పెద్ద కట్ట తెచ్చాడు.

ఆరేళ్ళ కిందట పిన్నికి చూపు పూర్తిగా పోయింది. షాపు నాకు అప్పజెప్పి శావల్యాపురంలో కూతురి దగ్గర ఉంటోంది. బోర్డు మీద ఆమె పేరే ఉంది. బీరువాలో నా నీలం అట్టల పుస్తకాలు ఇప్పుడు నాలుగు. వాటిలో పడవలున్నాయి, రేవులున్నాయి. ఏనుగులు తగ్గాయి. కిందటేడు మా ఊరి మిర్చి గోడౌను వాళ్ళ రిజిస్టర్లు కుట్టే పని వస్తే నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ఒకప్పటి మా హాలంతా మిర్చి ఘాటు. తుమ్ముతూ లోపలికి వెళ్ళాను. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. మిర్చి బస్తా మీద కూర్చుని ఇచ్చిన టీ తాగాను. నడుం మాత్రం ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది, అదేమీ మారలేదు.

నిన్న పార్సిల్ రాగానే పిన్నికి ఫోన్ చేశాను. "వచ్చిందా? ఏమయ్యాడే పడవోడు?" అంది. ఇంకా చూడలేదన్నాను. "నువ్వా? చూడకుండానా?" అని చాలాసేపు నవ్వింది. పొద్దుటి జిగురు ఆరేలోపు ఫారాలన్నీ కుట్టాను. విప్పేటప్పుడూ మడిచేటప్పుడూ కళ్ళు దారం మీదే ఉంచాను, ఆఖరి ఫారం దగ్గర మరీనూ. వెనక నాలుగు తెల్ల కాగితాలు కలిపాను. అందులో మొదటి మాట పిన్ని చెప్తే నేను రాస్తాను. పుస్తకం ప్రెస్సులో ఉంది. ఆదివారం శావల్యాపురం బస్సు ఎక్కుతాను. అతనికి గద్దె దొరికిందో, తెడ్డే మిగిలిందో ఇద్దరం ఒక్కసారే వింటాం. ఏదైనా సరే పుస్తకం హాయిగా తెరుచుకోవాలని, కుట్టు కాస్త వదులుగానే వేశాను.