పట్టుకున్న సీసం

కాలువ నీళ్లలో సీసం బయటపడగానే బ్యాటరీ కార్ఖానా యజమాని మా చిన్నమామయ్యను గేటు బయటికి నెట్టించాడు. ఆయన చేసిన పూసలు పనికిమాలినవని అందరిముందూ అన్నాడు.

పూసలు పనిచేశాయి. ఆవగింజలంత ఉండే వాటిని గొట్టంలో నింపి, మురుగునీటిని అందులోంచి పంపేవారు. మొదట్లో అవి నీళ్లలోని సున్నాన్ని పట్టుకుని నిండిపోయేవి, సీసం జారిపోయేది.

"బస్సంతా చుట్టాలతో నింపేస్తే టికెట్టు కొన్నవాడు ఎక్కడ కూర్చుంటాడ్రా?" అనేవాడు మామయ్య. చివరికి పూసలకు గంధకం అతికించాడు. గంధకం కనబడితే సీసం వదలదు. అప్పట్నుంచి వీధిలో ఆయన పేరు జల్లెడ.

నిండిన పూసలను ఆమ్లంతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. అవి పట్టుకున్న సీసమంతా ఆ కడుగునీళ్లలోకి దిగుతుంది. దాన్ని పీపాల్లో దాచి, విషాలను శుద్ధిచేసే చోటికి పంపాలి. పీపాలు నిండాయి, ఏం చెయ్యాలని మేస్త్రీ అడిగితే యజమాని కాలువ చూపించాడు. వారమంతా పట్టింది ఒక్క పూటలో కాలువపాలైంది. తిట్టు మాత్రం పూసలకు తగిలింది.

పోతూ పోతూ మామయ్య, మేస్త్రీ సాయంతో, మిగిలిన రెండు నిండు పీపాలనూ ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాడు. అక్కడే వదిలేస్తే అవీ కాలువలోకే పోతాయి. వెనకగదిలో ఒక్కొక్కటీ నెమ్మదిగా దించుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది.

"నన్నెప్పుడైనా ఇంత భద్రంగా చూసుకున్నారా?"

"నువ్వు కారవు కదే."

ఆమె నవ్వలేదు. వెనకగది గోడ అవతలే వీధంతా నీళ్లు పట్టుకునే బోరు.

శుద్ధిచేసే చోట, కార్ఖానా నుంచి కాగితం తెమ్మన్నారు. కార్ఖానాలో, ఆ పీపాలు మావి కావన్నారు. ఆయన అటూ ఇటూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. చదువుకున్నవాళ్ల ఆఫీసులన్నీ ఒక తలుపు దగ్గర ఇంకో తలుపు చూపించేవే. ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు. అత్తయ్య పుట్టింటికి వెళ్లిపోయింది.

నేను చివరిసారి వెళ్లినప్పుడు ఆయన నేలమీద బోర్లా పడుకుని, పీపా అడుగున వేళ్లతో తడుముతున్నాడు. వేళ్లు తడిగా ఉన్నాయి. గుడ్డతో తుడుచుకుని, గోడవైపు చూస్తూ అడిగాడు.

"నువ్వు పుస్తకాలు తెగ చదువుతావు కదరా. నీళ్లు చేరని చోటు ఎక్కడైనా ఉందని రాశారా?"